బుల్లెట్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ నిలవడం లేదు, గ్రీజు కూరమంటారా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1984 మోడల్ బుల్లెట్ 350 ఉంది. కుడికాలి గేరు, నాలుగు గేర్ల డబ్బా. ఆరు నెలల్లో రెండుసార్లు చైన్ స్ప్రాకెట్ వెనకున్న ఆయిల్ సీల్ మార్పించాను. పదిహేను రోజులు తిరగకుండానే బండి కింద మళ్లీ మడుగు. కిక్ రాడ్ మొదట్లో కూడా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. న్యూట్రల్‌లో గరగరమని శబ్దం, క్లచ్ పట్టుకుంటే ఆగిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోంది. మూడో గేరు అప్పుడప్పుడు దానంతటదే వదిలేస్తుంది. మెకానిక్‌ని అడిగితే ‘పాత బండి ఇంతే, డబ్బా నిండా గ్రీజు కూరేద్దాం’ అంటున్నాడు. కూరమంటారా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. గ్రీజు కూరితే లీకు కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది, లోపల అరుగుదల మాత్రం రెట్టింపవుతుంది. ఎందుకో ముందుకెళ్లాక చెబుతాం. మీరు రాసిన ఐదు బాధల్లో మూడింటికి మూలం దాదాపు ఒక్కటే: బుష్‌లు (షాఫ్టులు ఆని తిరిగే కంచు గొట్టపు ముక్కలు) అరిగాయి. అరిగిన బుష్‌ని అలాగే ఉంచి సీల్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

ముందు ఆ డబ్బా కట్టుబడి చూద్దాం. మీ బండిలో ఉన్నది ఆల్బియన్ రకం గేర్‌బాక్స్. ఇంగ్లండ్‌లో పుట్టిన డిజైన్, మద్రాసులో తయారైన బుల్లెట్లకూ అదే వచ్చింది. ఇందులో క్లచ్ ఎడమ కొసన మెయిన్ షాఫ్ట్‌కి బిగించి ఉంటుంది. ఆ మెయిన్ షాఫ్ట్, గొట్టంలాంటి స్లీవ్ గేరు లోపలినుంచి దూరి వస్తుంది. స్లీవ్ గేరు బయటి ఒంటికి పెద్ద బాల్ బేరింగ్, లోపలి బొక్కలో కంచు బుష్‌లు. వెనక చైను స్ప్రాకెట్ ఈ స్లీవ్ మీదే కూర్చుంటుంది. కింద లే షాఫ్ట్, అంటే మెయిన్ షాఫ్ట్‌కి సమాంతరంగా ఉండే రెండో షాఫ్టు: దాని ఎడమ కొస షెల్‌లోని (డబ్బా ఒంటిలోని) బుష్‌లో, కుడి కొస కిక్ షాఫ్ట్ లోపలున్న బుష్‌లో తిరుగుతాయి. అంటే కిక్ షాఫ్ట్ కేవలం కిక్ కొట్టడానికే కాదు, లే షాఫ్ట్ బరువు కూడా మోస్తోంది. మీ కిక్ రాడ్ దగ్గరి తడికి కారణం అక్కడ వెతకాలి.

ఇప్పుడు ఆయిల్ బయటికి వచ్చే దారులు. ఒకటి, స్లీవ్ చుట్టూ ఉన్న సీల్ పెదవి మీదుగా. మీ మెకానిక్ మూసింది ఈ ఒక్క దారినే. రెండోది, స్లీవ్‌కీ మెయిన్ షాఫ్ట్‌కీ మధ్య, అరిగిన బుష్‌ల సందులోంచి. ఇలా వచ్చిన ఆయిల్ సీల్‌ని తాకను కూడా తాకదు, స్ప్రాకెట్ ముందువైపు, అంటే క్లచ్ వైపు తేలుతుంది. మూడోది, బోలుగా ఉన్న మెయిన్ షాఫ్ట్‌లో క్లచ్ పుష్‌రాడ్ (క్లచ్‌ని నెట్టే కడ్డీ) వెంబడి నేరుగా క్లచ్ ప్లేట్ల మీదికి. మీ క్లచ్ జారడానికి దీన్నే ఎక్కువ అనుమానించాలి. నాలుగోది, స్లీవ్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య గాళ్లలోంచి (స్ప్లైన్లలోంచి). దీన్ని చాలామంది పట్టించుకోరు.

ఇక సీల్ సంగతి. రబ్బరు పెదవికి ఓపిక తక్కువ. తిరిగే ముక్క కేంద్రం నుంచి 0.1 మి.మీ. పైగా ఊగితే పెదవి దాన్ని వెంటాడలేదు, ప్రతి చుట్టుకీ ఒక సందు తెరుచుకుంటుంది. ఎంత ఖరీదైన సీల్ వేసినా ఇంతే.

విప్పేముందు ఓ అరగంట పరీక్షకి కేటాయించండి. గేర్‌బాక్స్ కింద, వెనక కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ పలచగా చల్లండి. పది కిలోమీటర్లు తిప్పి వచ్చి చూస్తే తడి ఎక్కడ మొదలైందో చార కనిపిస్తుంది. స్ప్రాకెట్ వెనకవైపు పొడిగా ఉండి, ముందువైపు తడిస్తే బుష్ దారి. రెండువైపులా తడిస్తే సీల్ కూడా పోయింది. ఇంజన్ బ్రీదర్ గొట్టం (లోపలి గాలిని బయటికి వదిలేది) నుంచి వచ్చే ఆయిల్ కూడా చైను మీద పడి అక్కడే కారుతుంది, కాబట్టి వేలితో తీసి వాసన చూడండి. గేర్ ఆయిల్‌కి గంధకం కంపు ఉంటుంది, చిక్కగా జిగురుగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ పలచన, ఆ కంపు ఉండదు. ప్రైమరీ చైన్‌కేసు (ఇంజన్ నుంచి క్లచ్‌కి వెళ్లే చైను ఉండే పెట్టె) ఆయిల్‌లో కూడా గంధకం వాసన వస్తూ, మట్టం పెరిగి ఉంటే పుష్‌రాడ్ దారి ఖాయం.

తర్వాత ప్రైమరీ మూత తీయండి (ఒకే నట్టు, కింద ట్రే పెట్టడం మర్చిపోకండి). వెనక చైను వదులు చేసి, క్లచ్ డ్రమ్ అంచుని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. డ్రమ్ ఊగుతూ స్ప్రాకెట్ కదలకపోతే స్లీవ్ బుష్‌లు అరిగాయి. రెండూ కలిసి ఊగితే స్లీవ్ పెద్ద బేరింగ్ కూడా పోయింది. డ్రమ్ మీది బేరింగే వదులై ఉంటే అదీ ఊగుతుంది, అందుకని డ్రమ్‌ని కాకుండా మధ్యలో క్లచ్ సెంటర్‌ని పట్టుకుని మరోసారి చూడండి. ఈ తేడా తెలియక గేర్‌బాక్స్ అనవసరంగా విప్పినవాళ్లున్నారు. చివరగా కిక్ రాడ్‌ని పట్టుకుని పక్కలకి ఊపితే కిక్ షాఫ్ట్ బుష్ సంగతి తేలిపోతుంది.

శబ్దం కూడా సాక్ష్యమే. బండి నిలబడి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు స్లీవ్ కదలదు, మెయిన్ షాఫ్ట్ మాత్రం దాని లోపల తిరుగుతూ ఉంటుంది. క్లచ్ పట్టగానే అదీ ఆగుతుంది. మీరు చెప్పిన గరగర సరిగ్గా అప్పుడే ఆగుతోంది కనుక అనుమానం స్లీవ్ బుష్‌ల మీద, లేదా కుడివైపు లోపలి మూతలో ఉన్న మెయిన్ షాఫ్ట్ బేరింగ్ మీద. రోడ్డు మీద ఇంకొకటి గమనించండి: టాప్ గేరులో మెయిన్ షాఫ్ట్, స్లీవ్ కలిసి ఒక్కటిగా తిరుగుతాయి, లే షాఫ్ట్ మీద భారం ఉండదు. ఒకటి, రెండు, మూడు గేర్లలో మూలుగుతూ టాప్‌లో నిశ్శబ్దమైతే లే షాఫ్ట్ బుష్‌లు, స్లీవ్ బుష్‌లు చూడాలి. టాప్‌లో కూడా అదే మూలుగు ఉంటే పెద్ద బేరింగ్.

డబ్బాని ఫ్రేములోంచి దించనక్కర్లేదు, షెల్ అలాగే ఉంచి లోపలివన్నీ తీయొచ్చు. ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే తెల్లటి గిన్నెలోకి వంపి, ఎండలో పెట్టి చూడండి. బంగారు రంగు మెరుపు పొడి కనిపిస్తే అది బుష్. వెండి రంగు పొలుసులు, ముక్కలు కనిపిస్తే పళ్లు గానీ డాగ్‌లు (గేరు చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకునే పక్క కొమ్ములు) గానీ విరిగాయి, ఖర్చు పెరుగుతుంది.

ఎడమవైపు ఆల్టర్నేటర్, క్లచ్ మూడు స్ప్రింగులు, ప్లేట్లు తీశాక ఇంజన్ స్ప్రాకెట్, క్లచ్, ప్రైమరీ చైను మూడూ ఒకేసారి లాగాలి, ఎందుకంటే ఆ చైనుకి విప్పే లింకు ఉండదు. క్లచ్ సెంటర్ నట్టుకి ఉలీ సుత్తీ వాడొద్దు. పాత ప్లేట్లు రెండు కలిపి వెల్డ్ చేసిన లాకింగ్ టూల్ ఏ బుల్లెట్ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. ఫైనల్ స్ప్రాకెట్ నట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లాక్ వాషర్ లేదా చిన్న స్క్రూ తీసి, మర ఎటు వాలి ఉందో టార్చి వేసి చూశాకే పానా పెట్టండి. ఎడమ మర ఉన్న నట్టుని మామూలు నట్టు అనుకుని పొడవాటి పైపు తగిలించి తిప్పితే స్లీవ్ మరలు పోతాయి. కొత్త స్లీవ్ దొరకడం కష్టం, దొరికినా నాణ్యత మీద నమ్మకం తక్కువ.

కుడివైపు గేర్ లివరు, కిక్ రాడ్, బయటి మూత, ఫుట్ చేంజ్ (కాలితో గేరు మార్చే) సామాను, లోపలి మూత తీస్తే షాఫ్టులు వస్తాయి. ప్రతి వాషర్ ఏ షాఫ్టు మీద, ఏ వైపు ఉందో ఫోటో తీసుకోండి, వాటిని తీగకి వరసగా గుచ్చి ఉంచండి. స్లీవ్‌ని స్ప్రాకెట్ వైపు నుంచి చెక్క సుత్తితో లోపలికి తట్టాలి.

ఇప్పుడు కొలతలు. షాఫ్టుని మైక్రోమీటర్‌తో మూడుచోట్ల, బుష్ లోపలి బొక్కని బోర్ గేజ్‌తో రెండు దిక్కుల్లో కొలవండి. వెర్నియర్‌తో వందో వంతు తేడాలు తేలవు. ఇరవై మి.మీ. చుట్టుపక్కల ఉండే షాఫ్టుకి నూనె పట్టే ఖాళీ 0.03 నుంచి 0.05 మి.మీ. ఉంటే చాలు. 0.10 దాటితే మార్చే వేళైంది. 0.20 ఉంటే మీ బండిలో ఇప్పుడున్న పరిస్థితే.

చాలామంది చేసే తప్పు ఇక్కడే: కొత్త బుష్ వేసి, షాఫ్టుని చూడరు. బుష్ ఆనేచోట షాఫ్టు మీద గోరు తట్టే గాడి ఉంటే, అండాకారంగా అరిగి ఉంటే, కొత్త బుష్ నెలల్లోనే పోతుంది. గ్రైండింగ్ షాపులో ఆ భాగాన్ని సమంగా గుండ్రం చేయించి, తగ్గిన కొలతకి సరిపడా బుష్ చేయించడం చవక దారి. హార్డ్ క్రోమ్ పూత పోయించి మళ్లీ అసలు కొలతకి గ్రైండ్ చేయించడం ఇంకో దారి, వ్యాసం మీద కొద్దిపాటి అరుగుదలకి అది బాగుంటుంది. షాఫ్టు మీద వెల్డింగ్ పోసి లేత్ పట్టించమని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. ఆ వేడికి గట్టిదనం పోతుంది, షాఫ్టు వంగుతుంది.

బుష్‌లు విజయవాడ ఆటోనగర్‌లోనైనా, సికిందరాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల కడ్డీ కొని ఏ మంచి లేత్‌లోనైనా చేయించుకోవచ్చు. పదార్థం మాత్రం మీరే నిలబడి చూసుకోండి. కావలసింది ఫాస్ఫర్ బ్రాంజ్, దాని కోత ఎర్రటి ఛాయలో ఉంటుంది. ఇత్తడి పసుపుగా మెరుస్తుంది, చవక, తేలిగ్గా కోసుకుపోతుంది కాబట్టి కొందరు అదే వేసేస్తారు. గేర్‌బాక్స్‌లో ఇత్తడి నిలవదు. సింటర్డ్ బుష్, అంటే నూనె పీల్చుకునే చిల్లుల కంచు, దొరికితే అదీ బాగుంటుంది. కానీ దాన్ని గోరువెచ్చని ఆయిల్‌లో రాత్రంతా నానబెట్టాలి, మొద్దు టూల్‌తో బోర్ చేస్తే చిల్లులు పూడిపోతాయి.

పాత బుష్ తీసేముందు అది ఎంత లోతులో కూర్చుందో, ఆయిల్ రంధ్రం ఏ దిక్కున ఉందో గీసుకోండి. స్లీవ్ బుష్‌లని మెట్టు ఉన్న డ్రిఫ్ట్‌తో (తోసే కడ్డీతో) ప్రెస్ చేయించాలి. షెల్‌లోని లే షాఫ్ట్ బుష్‌కి ఆవలివైపు దారి లేకపోతే పాత చిట్కా ఉంది: బుష్ లోపల గ్రీజు నింపి, బొక్కకి బిగువుగా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజుకి పోయే చోటు లేక బుష్‌ని వెనకనుంచి తోసేస్తుంది. షెల్‌ని ముందుగా వేడి చేస్తే ఇంకా సులువు. అల్యూమినియం 100 నుంచి 120 డిగ్రీలకు వస్తే చాలు, నీటి చుక్క వేస్తే చిటపటమని ఎగిరిపోవాలి. గ్యాస్ మంట ఒకేచోట పెట్టకుండా చుట్టూ తిప్పండి.

కొత్త బుష్ బయటి కొలత స్టీల్ స్లీవ్‌కైతే బొక్క కంటే 0.03–0.05 మి.మీ., అల్యూమినియం షెల్‌కైతే 0.05–0.08 మి.మీ. పెద్దదిగా ఉండాలి. బుష్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, వేడి షెల్‌లోకి ఒక్క తోపులో దింపండి. లోపలి కొలత ఇక్కడ మోసం చేస్తుంది. బిగువుగా కూర్చున్న బుష్ లోపలికి ముడుచుకుంటుంది, బిగువు ఎంత ఉందో దాదాపు అంత మేర బొక్క చిన్నదవుతుంది. అందుకని ముందే ఆఖరి కొలతకి బోర్ చేయించుకురాకూడదు. పావు మి.మీ. తక్కువగా ఉంచి, నొక్కిన తర్వాతే ఆఖరి కొలతకి తేవాలి.

స్లీవ్ రెండు బుష్‌లనీ ఒకే బిగింపులో బోర్ చేయించండి. లేత్‌లో స్లీవ్‌ని దాని బేరింగ్ కూర్చునే ఒంటితో పట్టి, డయల్ గేజ్ పెట్టి 0.02 మి.మీ. లోపు నిఖార్సుగా తిరుగుతోందో లేదో చూశాకే టూల్ ఆనించాలి. పళ్ల మీద పట్టినా, బుష్‌లని విడివిడిగా చేసినా రెండు బొక్కలూ ఒకే గీత మీదికి రావు. అప్పుడు షాఫ్టు బిగుసుకుంటుంది, ‘కొంచెం ఎమరీ పట్టించండి’ అంటారు. కంచు బుష్‌లో ఎమరీ కాగితం పెట్టొద్దు. దాని రవ్వలు మెత్తటి కంచులో దిగబడి, ఆకురాయిలా షాఫ్టుని అరగదీస్తూనే ఉంటాయి. అంతా కుదిరితే, నూనె రాసిన షాఫ్టు స్లీవ్‌లో సొంత బరువుతో మెల్లగా జారాలి, పక్కలకి ఊగకూడదు. ఆయిల్ రంధ్రాలు బుష్ వేశాక మళ్లీ తొలిచి, లోపలి అంచుని స్క్రేపర్‌తో నున్న చేయించుకోండి.

మూడో గేరు సంగతి వేరు, బుష్‌లు వేయగానే పోతుందని ఆశపడొద్దు. డాగ్‌ల అంచులు గుండ్రమయ్యాయా, సెలెక్టర్ ఫోర్క్ (గేరు చక్రాల్ని పక్కకి జరిపే కొక్కెం) పక్కలు నీలంగా కాలి అరిగాయా చూడండి, ఉంటే ఆ చక్రాలు, ఫోర్క్ మార్చక తప్పదు. అవి బాగుంటే ఫుట్ చేంజ్ స్టాప్ ప్లేట్ సర్దుబాటు తప్పి ఉంటుంది, రెండు బిగింపులు వదులు చేసి కొద్దిగా జరిపితే సరిపోతుంది. షాఫ్టుల పొడవువారీ ఆట కూడా చూడండి, 0.1 నుంచి 0.25 మి.మీ. లోపు థ్రస్ట్ వాషర్లతో తేవాలి. లోపలి మూత కింద మందపాటి ప్యాకింగ్ వేస్తే ఈ ఆట అంతా మారిపోతుంది, కాబట్టి పావు మి.మీ. కాగితమే వాడండి.

సీల్ ఇప్పుడు వేయండి. అది ఆనే స్ప్రాకెట్ బొడ్డు గానీ కాలర్ గానీ మీద పాత సీల్ కోసిన గాడి ఉంటుంది. గాడి లోతు లేకుంటే సీల్‌ని ఒకటి రెండు మి.మీ. ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవిని కొత్త చోట నడవనివ్వండి. లోతుంటే ఆ ముక్క మార్చాలి. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపు. పెదవికి గ్రీజు రాసి, గాళ్ల మీద పలచని ప్లాస్టిక్ కవరు చుట్టి తోయండి, లేకపోతే అంచులు రబ్బరుని అక్కడే కోసేస్తాయి. స్ప్రాకెట్ బిగించేముందు గాళ్లకి, నట్టు వెనక సన్నగా సీలెంట్ రాయండి. పుష్‌రాడ్‌ని గ్రీజు పట్టించి వేయండి. కిక్ షాఫ్ట్ దగ్గర ముందు బుష్ మార్చి, తర్వాతే ఓ-రింగ్ వేయండి. మూతల ముఖాలు అద్దం మీద ఎమరీ పరిచి సమంగా ఉన్నాయో లేదో చూసుకోండి. అనబాండ్ (మూతల మధ్య పూసే సీలెంట్) పూస్తే దారం మందం చాలు, ఎక్కువైతే లోపలికి ఊడి ఆయిల్ రంధ్రాల్లో ఇరుక్కుంటుంది.

క్లచ్ ప్లేట్లు పెట్రోల్‌లో కడిగి, పూర్తిగా ఆరాక వేయండి. గేర్ ఆయిల్ పీల్చిన ఫైబర్ ప్లేట్లు కడిగినా ఒక్కోసారి తేరుకోవు. ప్రైమరీ చైను మధ్యలో బిగువుగా ఉండే చోట 6 మి.మీ. ఆడాలి. తీగలా లాగి కడితే ఆ లాగుడంతా స్లీవ్ బుష్‌ల మీదే పడుతుంది, మీ బుష్‌లు అరగడానికి అదీ కారణం కావచ్చు. వెనక చైను కూడా 20–25 మి.మీ. ఆడాలి, అది బిగిస్తే నలిగేది పెద్ద బేరింగ్. ఆల్టర్నేటర్ స్టేటర్‌కీ రోటర్‌కీ మధ్య చుట్టూ 0.2 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) తిరగాలి.

గ్రీజు మాట మిగిలింది. ఆల్బియన్ డబ్బాలో చిక్కటి పదార్థం వాడే అలవాటు పాతదే, నిజమే. కానీ అప్పటి అర్థం కారే గ్రీజు. ఇప్పుడు షాపుల్లో దొరికే చాసిస్ గ్రీజు గట్టిది. చక్రాలు తిరిగిన దారిలో అది గుంటపడి పక్కలకి నిలబడిపోతుంది, మళ్లీ వచ్చి కమ్ముకోదు. బుష్ రంధ్రాల్లోకి అసలే దిగదు. ఎండిన బుష్ అరుగుతుంది, సందు పెరుగుతుంది, లీకు పెద్దదవుతుంది, మళ్లీ గ్రీజు. మీరు ఈ పని చేయించాక ఈపీ 90 గేర్ ఆయిల్ చాలు. ఆయిల్ డబ్బా మీద జీఎల్-4 అని ఉన్నది కొనండి. జీఎల్-5 లో గంధకం మోతాదు ఎక్కువ, కొన్ని రకాలు కంచుని మెల్లగా తినేస్తాయి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, లెవెల్ ప్లగ్గులోంచి చుక్క కారేదాకా పోసి ఆపండి. ఎక్కువ పోస్తే పుష్‌రాడ్ దారే దానికి తెలుసు. ఇంకా ఓ చిన్న తడి మిగిలితే 00 నంబరు సెమీ-ఫ్లూయిడ్ గ్రీజు వాడొచ్చు, అది తేనెలా కారుతుంది.

మొదటి వంద కిలోమీటర్లు నిదానంగా నడిపి ఆ ఆయిల్ వంపేయండి. కొత్త బుష్ సర్దుకున్న సన్నటి మెరుపు కొంచెం ఉంటుంది, భయపడొద్దు. రెండోసారి మార్చినప్పుడు కూడా అంతే ఉంటే స్లీవ్ బోర్ గీత తప్పిందని అర్థం, లేత్‌వాడి దగ్గరికి స్లీవ్, షాఫ్టు రెండూ పట్టుకెళ్లండి.